మోగని ఫోను

పెద్దక్కకు భయం కొత్త కాదు. ఉరిమితే ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసే మనిషి. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి తిరిగొచ్చే మనిషి. కానీ ఫోను మోగనందుకు భయపడటం మాత్రం ఆమెకదే మొదటిసారి.

సైకిళ్ల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేది ఆ కంపెనీ. చిన్న చిన్న ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసి ఇస్తారు. రోగి పేరు కొడితే చాలు, ఏ మందు వాడుతున్నారో, ఏది పడదో తెర మీదికి వస్తుంది. యజమాని ఆమె చెల్లెలి మొగుడు. ఆయన భార్య "అక్కా" అనడం విని, ఆఫీసంతా ఆమెను పెద్దక్క అనేసింది.

ఆమె తండ్రి దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఆయన దగ్గరే కుంచె పట్టడం నేర్చుకుంది. అచ్చు బోర్డులొచ్చి ఆ పని కాస్తా మూలబడితే, కంప్యూటరు నేర్చుకుని మరిది దగ్గర చేరింది. మరిది దగ్గర పనంటే సగం ఉద్యోగం, సగం చుట్టరికం. సెలవు కావాలంటే చెల్లెలితో చెప్పించాలి, కోపమొస్తే చెల్లెలి మొహం చూసి మింగాలి.

కంపెనీ వెబ్‌సైటు చూడటానికి అచ్చం సంతలో రేకు బోర్డులా ఉండేది. పైన అడ్డంగా, ఎర్రటి బండ అక్షరాల్లో ఫోను నంబరు. ఆసుపత్రుల వాళ్లు పొద్దున్నే ఆ సైటు తెరిచి, అందులోంచే పనిలోకి వెళ్తారు. ప్రోగ్రాము ఎక్కడైనా ఆగిపోతే నంబరు కళ్లెదుటే ఉంటుంది కనుక వెంటనే ఫోను కొడతారు.

"వదినా, మనది సాఫ్ట్‌వేర్ కంపెనీయా, ఫైరింజను ఆఫీసా? ఏంటండీ ఆ ఎరుపు?" అన్నాడు మరిది. "పెద్దాసుపత్రి వాళ్లు కొనే ముందు మన సైటు చూస్తారట. కాస్త గాలాడేలా చెయ్యండి."

చేసింది. ఆమెకో అలవాటుంది. ఏ పేజీ చేసినా పెద్దగా ప్రింటు తీసి గోడకంటించి, ఎదుటి గోడ దాకా వెనక్కి నడిచి చూస్తుంది. దూరం నుంచి కంటికి ఆనితే బోర్డు బాగున్నట్టే, ఆమె నేర్చుకున్న చదువు అది. ఎర్ర నంబరు తీసేసి, కుడి పక్క పైమూలన చిన్న రిసీవరు బొమ్మ పెట్టింది. దాన్ని నొక్కితే నంబరొస్తుంది. గోడ మీద అది బుగ్గన పుట్టుమచ్చలా ముద్దొచ్చింది. మరిది మురిసిపోయి నలుగురికీ చూపించాడు.

ఆ వారం నుంచే ఫోన్లు తగ్గాయి. తగ్గి తగ్గి దాదాపు ఆగిపోయాయి. ఫోన్లెత్తే అమ్మాయికి గోళ్లరంగు వేసుకునే తీరిక దొరికింది. మరిది అందరికీ టీ తెప్పించాడు.

"చూశారా వదినా! సైటు అర్థమయ్యేలా ఉంటే ఎవరికీ డౌట్లే రావు."

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దక్క నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. ప్రోగ్రాములో ఒక్క ముక్క మారలేదు. మొన్నటి దాకా రోజూ ఎక్కడో ఒకచోట మొరాయించినది, తన బొమ్మ చూసి బుద్ధి తెచ్చుకుందా? ఎక్కడో తెర ఆగిపోయి, పడని మందు ఎవరికో ఇచ్చేస్తున్నారేమో! ఆ ఊహ రాగానే టీ గ్లాసు పక్కన పెట్టేసింది.

"బాబూ, ఒకసారి మనమే ఫోన్ చేసి కనుక్కుందామా?"

"అడిగి మరీ తిట్లు తినడమా? కొరివితో తల గోక్కోవడం ఎందుకండీ!"

తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. భయం నిజమైతే చేసింది తనే. అబద్ధమైతే పిరికి గొడ్డు అని మరోసారి పేరొస్తుంది. సాయంత్రం తల్లికి మాత్ర ఇస్తూ అట్ట మీద పేరు చదివింది, తిప్పి మళ్లీ చదివింది.

"ఏమే, విషం ఇస్తున్నావా ఏంటి, అన్నిసార్లు చూస్తున్నావు?" అంది ముసలావిడ. పెద్దక్కకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు ఆఫీసుకని బయల్దేరి వేరే బస్సెక్కింది. అందరికంటే పాత ఖాతాదారు, ఒక సందు చివర రెండు మంచాల ఆసుపత్రి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి తిట్టే నర్సమ్మ ఉండేది అక్కడే. ఈమె కంపెనీ పేరు చెప్పగానే ఆవిడ లేచి నిలబడింది.

"ఎక్కడికి పోయారమ్మా మీరంతా? కంపెనీ ఎత్తేశారనుకున్నాం!"

బల్ల మీద డబ్బాలాంటి పాత కంప్యూటరు. నర్సమ్మ సైటు తెరిచి చూపించింది. ఆ ఇరుకు తెర మీద పేజీ కుడి పక్క సగం అవతలికి పోయింది. దాంతోపాటే ఆ పుట్టుమచ్చ బొమ్మా పోయింది.

"నంబరు పీకేశారుగా. ఎవరికని చేస్తాం? రోజూ తెర చూసి నొక్కడమే గానీ రాసి పెట్టుకున్నామా ఏమన్నానా?"

"మరి మందుల సంగతి?"

"ఈ మాయదారిది ఆగిపోయినప్పుడల్లా గుర్తున్నంత గుర్తు, లేనిది అడిగి." నర్సమ్మ గొంతు తగ్గించింది. "మొన్న ఒక పెద్దావిడొచ్చింది, మాట పడిపోయి. సూది పట్టుకుని దగ్గరికెళ్లాను కూడా. కూతురు ఠక్కున నా చెయ్యి పట్టేసుకుంది. ఈ మందు పడదండీ, పోయినసారి ఊపిరాగిపోయిందీ అని. ఆ పిల్ల గానీ టీకని కిందికి వెళ్లుంటే..."

"వెళ్లుంటే?" అంది పెద్దక్క. నర్సమ్మ సూదుల డబ్బా మూత మూసేసింది. పెద్దక్క రోగులు కూర్చునే బల్ల మీద కూర్చుని, ఆ తెర వైపే చూసింది. తను చూసింది గోడను. వీళ్లు చూసేది ఈ డబ్బాను. ఇన్నేళ్లలో ఇక్కడికొచ్చి ఒక్కసారీ చూడలేదు.

అక్కడి నుంచే మరిదికి ఫోన్ చేసి, జరిగిందంతా చెప్పింది.

"అయ్యో," అన్నాడు మరిది. ఆ వెంటనే, "పెద్దాసుపత్రి వాళ్లు చూసి వెళ్లాక మార్చేద్దాం వదినా..." అని నసిగాడు.

"ఇప్పుడే మారుస్తున్నాను. నిన్ను అడగట్లేదు బాబూ, చెప్తున్నాను."

అంత మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నర్సమ్మ కుర్చీలో కూర్చుని, ఆ డబ్బా తెర మీదే పని చేసి, నంబరును మళ్లీ పైన అడ్డంగా పరిచింది. అదే ఎరుపు, అవే బండ అక్షరాలు.

ఆఫీసు మెట్లెక్కుతుండగానే గణగణలు వినిపించాయి. లోపల అమ్మాయి ఒక ఫోను పట్టుకుని, "ఎప్పటి నుంచండీ?" అని అడుగుతోంది. మరిది స్వయంగా రెండోది ఎత్తాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. మోగకపోతే ఒక భయం, మోగితే ఇంకో భయం. ఇన్నాళ్లూ ఎవరికి చెప్పాలో తెలియక మింగిన మాటలన్నీ ఇప్పుడు ఒక్కసారిగా వస్తున్నాయి. ఏ మంచం పక్కన కూతురు లేకపోయిందో!

మూడో ఫోను మోగింది. ఎత్తడానికి ఆమె తప్ప ఎవరూ ఖాళీగా లేరు. ఆగిపోతే బాగుండుననిపించింది. ఆగలేదు. ఎత్తింది. ముందు కంపెనీ పేరు చెప్పి నమస్కారం పెట్టడం అక్కడి మర్యాద. అదేదీ గుర్తు రాలేదు.

"అందరూ బాగానే ఉన్నారా అండీ?" అని అడిగింది పెద్దక్క.

అవతల ఎవరో చెప్పబోతూ గట్టిగా ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపించింది. పెద్దక్క రాసుకోవడానికి కాగితం దగ్గరికి లాక్కుంది.