తిన్నావా అంటే మూడు పడవలు

నేను పాసయ్యాను! బి.ఎ. పాసయ్యాను, అదీ ఫస్ట్ క్లాసులో! నాన్నవైపు, అమ్మవైపు, పలాస నుంచి రాయపూర్ దాకా మావాళ్ళు ఎంతమంది ఉన్నారో అంతమందిలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. ఫోన్లో రిజల్టు కనబడగానే నేను అరిచిన అరుపుకి పామో తేలో అనుకుని అమ్మ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. సంగతి చెప్తే నా మొహం రెండు చేతుల్తో పట్టుకుంది. అలాగే మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. మిఠాయి సాయంత్రం నాన్న తెస్తాడు. ఈలోగా తనకి తెలిసిన పండగ తను మొదలుపెట్టేసింది. మూకుట్లో ఎండు నెత్తళ్ళ చేపలు వేసింది.

ఆ వాసన ఇల్లంతా కమ్మేసింది. అంతే, నేను ఫోన్ పట్టుకుని గుమ్మంలో కూలబడిపోయాను. ఊరందరికీ చెప్పాలని లోపల ఒకటే గోలగా ఉంది, వేలు మాత్రం ఏ నంబరు మీదా పడటం లేదు. ఎందుకంటే ఈ రోజు మొదటి ఫోన్ ఎవరికి చెయ్యాలో ఎప్పుడో ఖాయమైపోయింది. మాట తీసుకున్న మనిషే ఇప్పుడు లేదు. ఆమెని తలుచుకోకుండా ఈ సంతోషం నా గొంతు దాటేలా లేదు. అందుకే ముందు ఇది రాస్తున్నాను.

రాయపూర్ గుఢియారీలో మా సందు రైలు పట్టాల పక్కనే. నాన్న వ్యాగన్ రిపేర్ షాపులో ఖలాసీ. సందు మొదట్లో ఒక గది అద్దెకి తీసుకుని మోవా కాన్వెంటు సిస్టర్లు ఉచిత దవాఖానా నడిపేవాళ్ళు. నేను ఏడో తరగతిలో ఉండగా అక్కడికి ఒక కొత్త సిస్టర్ వచ్చింది. ఊరు ఫిలిప్పీన్స్‌లో ఏదో దీవి. పేరు మరిసెల్. చాలా చిన్నది, మా చిన్నత్త వయసు ఉంటుందేమో. మందుల పెట్టె మోసుకుంటూ, అందరినీ చూసి నవ్వుతూ, ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేక తిరిగేది.

ఒకరోజు నాయనమ్మ వాకిట్లో కుంపటి పెట్టి ఎండుచేపలు వేయిస్తోంది. ఆ వాసనకి పక్కింటి దూబేగారి కిటికీ ధడాలున మూసుకుంది, అది రోజూ ఉండేదే. వాసన వెంటబడి మా గుమ్మం దాకా వచ్చిన మనిషిని చూడడం మాత్రం అదే మొదలు. సిస్టర్ వచ్చి కుంపటి ముందు నిలబడిపోయింది. చూస్తుండగానే కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు.

"ఓలమ్మ! ఎవులే ఈ గుంట? ఎందుకలగ ఏడుస్తంది?" అని నాయనమ్మ కంగారుపడి, వెంటనే నోటి దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తూ, "తిన్నావా? తిన్నావా తల్లీ?" అంది.

సిస్టర్ అడ్డంగా తలూపింది. నాయనమ్మ పీట వాల్చి, కంచంలో అన్నం, రెండు చేపలు వేసింది. ఆమె చేత్తో ఇలా పట్టుకుని అలా చేప తల తీసి పక్కన పెట్టింది. "సూడే, తలకాయి తీసిన తీరు సూడు. ఎక్కడో పుట్టింది గానీ మన పిల్లే ఇది," అంది నాయనమ్మ. వాళ్ళ ఇంట్లో కూడా పొద్దున్నే ఎండుచేపలు వేయిస్తారని, ఆ వాసనకి అమ్మ గుర్తొచ్చిందని చాలా రోజుల తర్వాత మాకు చెప్పింది. పేరు అడిగితే మరిసెల్ అంది. నాయనమ్మకి ఆ పేరు నోరు తిరగలేదు. "మరిసిపోయే పేరే ఎట్టినారమ్మా నీకు!" అని నవ్వి, అప్పటికప్పుడే మరిశమ్మని చేసేసింది.

అప్పట్నుంచి దవాఖానా మూసి, తిరిగి వెళ్ళే బండి వచ్చేదాకా మరిశమ్మ మా వంటింట్లోనే ఉండేది. సందులో వాళ్ళు ఊరుకుంటారా? "ఒలే, మిమ్మల్ని మతంలో కలిపేస్తాదే ఆవిడ," అని ఎదురింటి కాంతమ్మత్త అంటే, "నానే ఎండుచేప ఎట్టి దాన్ని కలిపీసుకున్నాను, పోవే," అనేది నాయనమ్మ.

అసలు చిక్కు వేరే ఉంది. ఆమెకి అప్పగించిన మొదటి పని హిందీ నేర్చుకోవడం. నేర్చుకుంటేనే పల్లెల్లో పనికి పంపుతారు. కాన్వెంటులో పాఠం చెప్పించుకుని వచ్చి, మా వంటింట్లో మా మాటలు వినేది. మా ఇంట్లోనేమో "దర్వాజా ముయ్యి, జల్దీ రా, సబ్జీ మాడిపోతంది" అంటాం. ఇందులో ఏది తెలుగో ఏది హిందీయో ఆమెకెలా తెలుస్తుంది? నిజం చెప్పాలంటే మాకే తెలీదు. విన్నదంతా హిందీయే అనుకుంది పాపం. అన్నిటికంటే ముందు పట్టుబడిన మాట, గుమ్మంలోకి రాగానే నాయనమ్మ రోజూ అడిగే మాట.

దసరా సెలవుల్లో కాన్వెంటు పెద్ద సిస్టర్, అందరూ మదర్ అంటారు, ఆరంగ్ దగ్గర మహానది ఒడ్డు పల్లెకి వైద్యానికి వెళ్తూ మరిశమ్మని తీసుకెళ్ళింది. దారిలో ఆరంగ్ గుడి చూపిస్తామంటే నేనూ జీపెక్కాను. పల్లెలో ఆడవాళ్ళంతా చెట్టు కింద పోగయ్యారు. "ఇవాళ నువ్వే పలకరించు," అంది మదర్. మరిశమ్మ ముందుకొచ్చి, దణ్ణం పెట్టి, నిండుగా నవ్వి, గట్టిగా అడిగింది.

"తిన్నావా?"

ముందు వరసలో ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "తీన్ నావ్?" అంది. వాళ్ళ చెవికి అది మూడు పడవలు! మరిశమ్మ ఉత్సాహంగా తలూపి, మళ్ళీ "తిన్నావా, తిన్నావా!" అంది.

"ఇహా తో ఏకేచ్ నావ్ హే, సిస్టర్!" అంది ముసలమ్మ, ఇక్కడున్నది ఒక్కటే పడవ తల్లీ అని జాలిపడుతూ. అంతలో ఎవరో కేకేశారు. పడవవాడు గెడకర్రతో పరిగెత్తుకొచ్చి, ఎవరెవరు ఎక్కుతారని అడిగాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆడవాళ్ళూ నవ్వారు. సంగతి తెలిసి మరిశమ్మ కూడా నవ్వబోయి, మదర్ మొహం చూసి ఆగిపోయింది.

తిరుగు జీపులో మదర్ ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "రోగి చెప్పింది నీకు అర్థం కాదు. నువ్వు చెప్పింది రోగికి అర్థం కాదు. ఎండాకాలం లోపల హిందీ రాకపోతే నిన్ను వెనక్కి పిలిపించుకోమని రాసేస్తాను." మరిశమ్మ రాయపూర్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడు మా ఇంటికొచ్చి, నాయనమ్మ దగ్గరికి కాకుండా నా దగ్గరికి వచ్చింది. "నువ్వు నేర్పు. నువ్వు నవ్వితే నాకు సిగ్గు లేదు," అంది. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. టీచరమ్మా అనేది. చదువులో నన్నెవరూ పట్టించుకోని రోజులవి. నా కన్నా పెద్ద మనిషి నేల మీద కూర్చుని, నేను పలికినట్టు పలకడానికి నా పెదాల వంక చూస్తుంటే నా వెన్ను దానంతటదే నిటారుగా అయ్యేది.

హిందీలో ఆడ, మగ ఆమెకి అస్సలు పట్టుబడలేదు. వాళ్ళ భాషలో ఆ తేడాయే లేదట. మా నాన్నని వస్తుంది అన్నట్టు "ఆతీ హై" అనేది, అమ్మని వస్తాడు అన్నట్టు "ఆతా హై" అనేది. ఒకరోజు బాగా తికమకపడి, "దేవుడికి ఏది? ఆతా హై? ఆతీ హై?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా నాయనమ్మ పొయ్యి దగ్గర్నుంచి అందుకుంది. "మీ బాబు ఆతా హై. మా అమ్మోరు ఆతీ హై. ఇద్దరూ వస్తారు, నువ్వు కూకో."

ఎండాకాలం వచ్చింది. మదర్ పరీక్ష పెట్టడానికి ఆ పల్లెకే తీసుకెళ్ళింది. జీపు ఆగీ ఆగకముందే పిల్లలు, "తీన్ నావ్ వాలీ సిస్టర్ ఆ గే!" అని, మూడు పడవల సిస్టర్ వచ్చేసిందని ఎదురొచ్చారట. ముసలమ్మ అయితే మదర్‌ని దాటి వచ్చి, ఎవరికీ చూపించని కాలి పుండు ఈమెకి చూపించిందట. మదర్ వెనక్కి పంపే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాతి వానల్లో ఆమె అమ్మ పోయింది. అంత దూరం వెళ్ళలేకపోయింది. ఏడవనూ లేదు. మా గుమ్మంలో నిలబడి, "ప్రార్థన రావడం లేదు. నోరు తెరిస్తే ఖాళీ," అని మాత్రం అంది. నాయనమ్మ చేతిలో పని వదిలేసింది. "మీయమ్మ పేరేటి?" అని అడిగింది. "లూసియా" అంది మరిశమ్మ. నాయనమ్మ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, భుజం మీద చెయ్యేసి, మావాళ్ళు ఏడ్చినట్టే రాగం తీసి ఏడ్చింది. "ఓలమ్మ లూసమ్మా, నీ కూతురు సముద్దరం ఇవతల ఉండిపోనాది... నీ నోట్లో నీళ్ళు పొయ్యలేకపోనాది తల్లీ..." ఎన్నడూ చూడని మనిషి కోసం, సొంత అప్పచెల్లెలు పోయినట్టు. అప్పుడు మరిశమ్మ నోరు తెరుచుకుంది. వాన చప్పుడులో ఆ ఇద్దరి ఏడుపు ఏది ఎవరిదో తెలియలేదు.

వెళ్ళేటప్పుడు నాతో, వచ్చీ రాని తెలుగులో అంది. "టీచరమ్మా, నేను దేవుణ్ణి తీసుకుని వచ్చాను అనుకున్నాను. ఆయన నా కన్నా ముందే వచ్చి మీ ఇంట్లో తింటున్నాడు." ఆ వయసులో నాకది అర్థం కాలేదు. ఆమె పల్లెలకి వెళ్ళే తీరు మాత్రం మారింది. అంతకుముందు బోధించడానికి వెళ్ళేది. తర్వాత ముందు పక్కన కూర్చోవడం నేర్చుకుంది.

నేను టెన్త్ అయ్యాక నాన్న చదువు చాలన్నాడు. కుట్టుమిషన్ నేర్పిస్తానన్నాడు. మరిశమ్మ సరాసరి నాన్న ముందుకొచ్చి కూర్చుంది. ఆవేశంలో నేను నేర్పిన హిందీ అంతా తలకిందులైపోయింది. "ఆప్ అచ్ఛీ ఆద్మీ హై," అని మొదలుపెట్టి, నాన్నని ఆడమనిషిని చేసి చివరిదాకా మాట్లాడింది. "నేను ఈ ఊళ్ళో ఉన్నానంటే ఈ పిల్ల వల్ల. నా టీచర్ చదువు ఆపితే నా హిందీ కూడా ఆగిపోతుంది." నాన్న ఎంత బిగపట్టుకున్నా నవ్వు ఆగలేదు. "సరేనమ్మా, ఈ అచ్ఛీ ఆద్మీ ఒప్పుకుంది," అన్నాడు. బయటికొచ్చాక మరిశమ్మ నా చెయ్యి పట్టుకుని మాట తీసుకుంది. "డిగ్రీ వచ్చిన రోజు మొదటి ఫోన్ నాకు. మీ నాన్నకి కూడా తర్వాతే."

నేను పన్నెండులో ఉండగా ఆమెకి ఈ దేశంలో ఉండే వీసా మళ్ళీ ఇవ్వలేదు. ఎందుకో ఆమెకీ తెలీదు. స్టేషన్లో రైలు కదులుతుంటే, నాయనమ్మ మూట కట్టిచ్చిన ఎండుచేపలు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ ఊచల్లోంచి అరిచింది. "తిన్నావా?" ప్లాట్‌ఫారం మీద వాళ్ళంతా తిరిగి చూశారు.

తర్వాత ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. వాళ్ళ దీవిలో బడిపిల్లలందరికీ ఆ మాట నేర్పానని చెప్పింది. నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ఫోన్లు తగ్గాయి. ఒకరోజు ఆమె నంబరు నుంచే మగ గొంతు వినబడింది. తమ్ముడు. నా ఇంగ్లీషు అంతంతే, అతనిదీ అంతే. అక్క జబ్బు చేసి పోయిందని చెప్పి, ఒక సంగతి అడిగాడు. "ఆఖర్లో ఆసుపత్రిలో మందిచ్చిన నర్సుని, చూడ్డానికి వెళ్ళిన మమ్మల్ని, అందరినీ ఒకటే మాట అడిగింది. తిన్నావా, తిన్నావా అని. అది ప్రార్థనా?" నేను అర్థం చెప్పాను. అటువైపు అతను బావురుమని ఏడ్చాడు. వాళ్ళ అమ్మ కూడా వాళ్ళ భాషలో ఎవరొచ్చినా మొదట అడిగే మాట అదేనట.

అప్పటికే నాయనమ్మ వయసు మీద పడి పలాసలో బాబాయి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆమెకి మాత్రం ఎవరం చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా మరిశమ్మ ఎలగుందని అడుగుతుంది. బాగుందంటాం.

"ఎవరెవరికి చెప్పినావే?" అంటోంది అమ్మ వంటింట్లోంచి. ఇంకా ఎవరికీ లేదమ్మా. ఇదిగో, చేస్తున్నాను.

మొదట మరిశమ్మ తమ్ముడికి. పాసయ్యానని చెప్పే ముందు, తిన్నావా అని అడగాలి.

నాన్నకి, షాపు భోజనాల వేళ చూసుకుని. రెండోవాణ్ణి చేశానని ఏమీ అనుకోడు.

మోవాలో మదర్‌కి. హిందీలో, ఆడ, మగ తప్పు పోకుండా.

కాంతమ్మత్తకి. ఫోన్ అక్కర్లేదు, కేకేస్తే చాలు.

పలాసలో నాయనమ్మకి, అందరికన్నా ఆఖర్న. ఎందుకంటే సంగతి వినగానే ఆమె, "మరిశమ్మకి సెప్పినావేటే?" అంటుంది. "మొదట వాళ్ళింటికే చెప్పాను నాయనమ్మా," అని ఒక్క అబద్ధం లేకుండా చెప్పగలగాలి.