పూసే మొక్కకు పై మెట్టు

మా చిన్నప్పుడు ఇంటి పై మెట్టు మీద పిల్లలం కూర్చోకూడదు... అది పూసే మొక్క చోటు.

రెజిమెంటల్ బజార్‌లో సందు చివరి ఇల్లు మాది. గుమ్మం ముందు ఎర్ర గచ్చు మెట్లు మూడు. కుండీలన్నీ పెరట్లో నీళ్ల తొట్టి పక్కన వరసగా ఉండేవి. ఏ మొక్క మొగ్గ వేస్తే దాన్ని అమ్మ పై మెట్టు మీదికి తెప్పించేది. దాని కాలం అయిపోగానే దింపించి, తర్వాతి దాన్ని ఎక్కించేది. అమ్మ మిషన్ స్కూల్లో టీచరు... ఇంట్లోనూ పీరియడ్లు మారినట్టే మొక్కలు మారేవి.

మోసేది నేనూ, చెల్లెలు కరుణా. తడిమన్నుతో నిండిన మట్టి కుండీలు మా ఇద్దరికీ లేచేవి కావు. కింద గోనెసంచి వేసి, తను ముందు నుంచి లాగితే నేను వెనక నుంచి తోసేవాణ్ని.

చలికాలం చామంతి. పసుపుది ఒకటి, ఇటుక రంగుది ఒకటి. క్రిస్మస్ ముందు కుండీలకు ఎర్ర జాజు పూసేవాళ్లం. పాటలు పాడుతూ చర్చి వాళ్లు వచ్చినప్పుడు, ఎవరి కాలూ కుండీకి తగలకుండా అమ్మ అడ్డంగా నిలబడేది. డిసెంబరాలకు మాత్రం కింది మెట్టే... పొద్దెక్కేసరికి నేలంతా రాల్చి పోస్తాయని వాటి మీద అమ్మకు అంత గౌరవం లేదు.

ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారం నాటికి కాగితం పువ్వు. దాన్ని ఎక్కించిన రోజు నా చేతుల నిండా గీతలే. ఎండలు ముదిరితే గడ్డి గులాబీ... పొద్దెక్కాక విచ్చుకునేది, మేము మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ముడుచుకునేది. వానలు పడితే వాన లిల్లీ. నిన్నటి దాకా గడ్డిలా ఉన్నది, పొద్దున లేచేసరికి గులాబీ రంగు పూలతో నిలబడేది.

నడుమ ఏదీ పూయని రోజులుంటాయి. అప్పుడు క్రోటన్ కూర్చునేది. అది చూస్తే ఎదురింటి యాదమ్మత్త ఊరుకునేది కాదు.

"ఏంది టీచరమ్మా, దొరసాని సెలవు పెట్టిందా? చప్రాసీని కూసోబెట్టినవ్?"

"జెర ఓపిక పట్టు యాదమ్మా. వచ్చే నెల దొరసానే వస్తది," అనేది అమ్మ, నవ్వకుండా.

అప్పటి నుంచి మా ఇంట్లో క్రోటన్ పేరు చప్రాసీ... ఆఫీసు బంట్రోతు.

అమ్మది ఒకటే నియమం. విచ్చిన పువ్వును కదపకూడదు, మొగ్గ మీద ఉండగానే ఎండలోకి తేవాలి. ఆలస్యమైతే నీడలో మొగ్గ నల్లబడిపోతుంది...

పెళ్లయ్యాక కొన్నేళ్లకు కాప్రాలో ఇల్లు కట్టుకున్నాం. నా భార్య విమల తెనాలి వైపు అమ్మాయి. కొత్తలో అత్తగారి మెట్టు సంగతి చూసి నవ్వింది. తమ ఊళ్లో పువ్వు ఎక్కడ పూస్తే అక్కడికే మనుషులు వెళ్తారట, దాన్ని ఇలా ఊరేగించరట. తర్వాత అమ్మ కంటే తనే ఎక్కువ పట్టింపుగా చేసింది. అమ్మ పోయాక కుండీలన్నీ ఆటోల్లో కాప్రాకు తెచ్చుకుంది. ఇక్కడ రెండే మెట్లు. అయినా వరస తప్పలేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మొక్క మారి ఉండేది... ఓహో, చలి మొదలైందన్నమాట, అనుకుంటూ లోపలికి వెళ్లేవాణ్ని.

ఈ వానాకాలం లిల్లీని పై మెట్టు మీద పెట్టింది తనే. ఆ వారమే ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్ల చెప్పులు ఆ కుండీ చుట్టూ ఉండేవి. ఎవరో దాన్ని పక్కకు జరపబోతే వద్దన్నాను.

వానలు వెనకబట్టాయి. లిల్లీకి ఆకులే మిగిలాయి. వెనక గోడ దగ్గర, ట్యాంకు నీడలో చామంతి మొగ్గ వేసింది. రోజూ అన్నిటికీ నీళ్లు పోశాను. ఏదీ కదపలేదు. ఇంట్లో మిగతావన్నీ ఎవరెవరో సర్దేశారు... చీరలు, మందులు, వంటింటి డబ్బాలు. తను పెట్టింది పెట్టినట్టు ఉన్నది ఆ మెట్టు ఒక్కటే.

పోయిన ఆదివారం చర్చి అయ్యాక కరుణ వచ్చింది. చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లి చాలాసేపు రాలేదు.

"అన్నా, చామంతికి ఎండ తగుల్తలేదు. కింది మొగ్గలు నల్లబడ్డయి."

"తెలుసు."

"మరి జరపవా?"

నేను టీ పెట్టడానికి లేచాను. తను టీ తాగి, చర్చి సంగతులేవో చెప్పింది. వెళ్లేటప్పుడు చెప్పులు వేసుకుంటూ అంది...

"వదిన పెట్టిందని లిల్లీని ఉంచినవ్. ఆ చామంతి పిలకలు సుత వదినే నాటింది అన్నా."

తను వెళ్లాక లిల్లీని దింపాను. ఇప్పటి ప్లాస్టిక్ కుండీ... ఒక్క చేత్తోనే లేచింది. కింద గుండ్రంగా మట్టి మరక. తుడుద్దామని తడిగుడ్డ తెచ్చాను. తుడవలేదు. దాని మీదే చామంతిని పెట్టాను. కుండీ కొంచెం పెద్దది. మరక కనబడలేదు.

కొన్ని మొగ్గలు పోయాయి. కొన్ని నిలిచాయి.

ఇప్పుడు మా వీధిలో అన్నీ నిలువెత్తు ఇనుప గేట్లు. చాలా ఇళ్లకు మెట్లున్న చోట కారు ఎక్కే వాలు వచ్చింది. ఒకరి గుమ్మంలో ఏం పూసిందో ఇంకొకరికి తెలియదు... కొన్ననాడు ఎక్కడ పెట్టిన కుండీ ఏడాదంతా అక్కడే.

మీ చిన్నప్పుడు గుమ్మం దగ్గర ఏ మొక్క ఉండేది? ఎవరు పెట్టేవారు? వీలైతే కింద రాయండి, చదువుతాను.

మా మెట్టు మీద ఇప్పుడు చామంతి ఉంది. పసుపుది... పెట్టింది నేను.