గిరిజ చూసినంత మేరకే

అమెరికాలోని డర్హమ్ ఊళ్లో తూర్పు వైపున రెండు రోడ్లు కలిసే మూల మీద ఒక గ్యాస్ స్టేషన్, దాన్ని ఆనుకుని చిన్న దుకాణం ఉన్నాయి. ఆ దుకాణం కౌంటర్‌లో గిరిజ పదకొండేళ్లుగా పనిచేస్తోంది. యజమాని ఆమె కోసం ఎత్తు స్టూలు ఒకటి తెప్పించాడు గాని, పోయిన జూలై నుంచి ఆమె దాని మీద పది నిమిషాలు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు.

జూలైలో ఒక శనివారం మధ్యాహ్నం, లొరెట్టా అనే పెద్దావిడ కౌంటర్ ముందు నిలబడి లాటరీకి ఏ నంబర్లు చెప్పాలా అని ఆలోచిస్తోంది. బయట టపటపమని నాలుగు చప్పుళ్లు వినిపించాయి. తలుపు పక్క అద్దానికి చిల్లు పడింది. లొరెట్టా తన భుజం పట్టుకుని, ఎవరో కూర్చోమన్నట్టు మెల్లగా నేల మీద కూర్చుంది. అంబులెన్స్ వచ్చేదాకా గిరిజ తన స్వెటర్‌ని ఆ భుజానికి అదిమి పట్టుకుంది. లొరెట్టా బతికింది, కాని ఆ చెయ్యి ఇక పైకి లేవలేదు. రెండు కార్లవాళ్లు ఒకరినొకరు కాల్చుకుంటూ పోయారని పోలీసులు చెప్పారు. ఎవరన్నది మాత్రం తేలలేదు.

అప్పటినుంచి బయట కారు తలుపు వేసిన చప్పుడైనా గిరిజ చేతిలో ఉన్నది కింద పడేది. తుడిచిన కౌంటర్‌నే మళ్లీ తుడిచేది. మోరిస్‌విల్‌లోని ఇంటికి వెళ్లినా ఒకచోట నిలవలేకపోయేది. భర్త కిరణ్‌కుమార్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇంటి నుంచే పనిచేస్తాడు. ఆమె వంటగదికీ హాలుకీ మధ్య తిరగడం చూసి చూసి ఒకరోజు లాప్‌టాప్ మూసేశాడు.

"ఆ జాబ్ క్విట్ చేసెయ్ గిరిజా. నువ్వక్కడ పనిచేసి తీరాలని మనకేం లేదు కదా."

"ఇంట్లో కూర్చుని ఏం చేయనండీ? మీ మీటింగులు వినమంటారా?"

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దుకాణం పక్కనే టైర్ల షాపు ఉంది. అందులో పనిచేసే ట్రావిస్‌కి ముప్ఫై ఏళ్లుంటాయి. రోజూ ఉదయం కాఫీకి వచ్చేవాడు. గిరిజ అనడానికి నోరు తిరగక ఆమెని "మిస్ జి" అని పిలిచేవాడు. పాల క్రేట్లు వచ్చినప్పుడు అడగకుండానే లోపలికి మోసి పెట్టేవాడు. అద్దం పగిలిన మర్నాడు అట్టముక్క అడ్డం పెట్టి టేపు అంటించింది కూడా అతనే.

మార్చిలో ఒక మధ్యాహ్నం ట్రావిస్ విసురుగా లోపలికొచ్చాడు. కాఫీ మెషీన్ వైపు చూడలేదు, పలకరించలేదు. వెనక మూల ఉన్న ఐస్ ఫ్రీజర్ దగ్గరికి వెళ్లి, మూత ఎత్తి, ఐస్ బ్యాగుల కింద మోచేతి దాకా చెయ్యి పెట్టాడు. మూత వేసి, ఏమీ కొనకుండా బయటికి నడిచాడు. అప్పటికే అతని వెనకే వచ్చిన పోలీసు కారు లైట్లు బయట తిరుగుతున్నాయి. పార్కింగ్‌లోనే అతన్ని ఆపి వెతికారు. ఏమీ దొరకలేదు. వదిలేశారు.

గిరిజ ఫ్రీజర్ మూత ఎత్తింది. ఐస్ బ్యాగులు పక్కకి జరిపేసరికి బూడిదరంగు టోపీ కనిపించింది. అందులో చుట్టి నల్లటి పిస్టల్ ఉంది.

ఆమె మూత వేసింది. కౌంటర్ దాకా వచ్చింది. మళ్లీ ఫ్రీజర్ దాకా వెళ్లింది. సీసాలు సర్దుతున్నట్టు నాలుగుసార్లు అటూ ఇటూ నడిచింది. సాయంత్రం స్కూల్ బస్సు దిగిన పిల్లలు ఆ ఫ్రీజర్‌లోంచే ఐస్ పాప్‌లు తీసుకుంటారన్న సంగతి గుర్తొచ్చాక ఫోన్ తీసి పోలీసులకి చెప్పింది.

పది రోజుల తర్వాత కేంద్ర ప్రభుత్వానికి చెందిన ఒక ఫెడరల్ ఏజెంట్ దుకాణానికి వచ్చాడు. ట్రావిస్‌ని అరెస్టు చేశామని, కేసు ఫెడరల్ కోర్టుకి వెళ్తుందని చెప్పాడు. ఇరవై రెండో ఏట ఒక ఇంట్లో దొంగతనానికి దూరి ట్రావిస్ జైలుకి వెళ్లొచ్చాడట. అలాంటి శిక్ష పడినవాడి దగ్గర తుపాకీ ఉండటమే నేరం, కాల్చనక్కర్లేదు.

"ఈ వీధుల్లో కాల్పులు తగ్గాలంటే మాకు కనిపించే దారి ఇదొక్కటే మేడమ్," అన్నాడు ఏజెంట్. "ఉండకూడని చేతుల్లోంచి తుపాకీ ముందే తీసెయ్యాలి. ఫెడరల్ శిక్షకి పెరోల్ మీద ముందే వదిలెయ్యడం ఉండదు. ఆ భయం పదిమందికీ తెలియాలి."

గిరిజకి ఒకటే ప్రశ్న. "లొరెట్టాని కాల్చిన గన్ ఇదేనా?"

"టెస్ట్ చేస్తున్నాం," అన్నాడతను. కస్టమర్లు లైన్‌లో నిలబడి ఉండగానే ఆమె చెప్పింది రాసుకుని, సంతకం పెట్టించుకున్నాడు.

ఇదే ఆ గన్ అయితే బాగుండునని గిరిజ లోలోపల కోరుకుంది. అప్పుడు జూలైలో మొదలైన వణుకుకి ఒక పేరు, ఒక ముఖం దొరుకుతాయి. మే నెలలో ప్రాసిక్యూటర్ హాలొవే ఫోన్ చేసింది. ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. లొరెట్టా భుజంలోంచి తీసిన బుల్లెట్ ఆ పిస్టల్‌లోంచి వచ్చింది కాదు. ఈ తుపాకీతో ఎవరినైనా కాల్చినట్టు ఎక్కడా ఆధారం లేదు.

"అయితే అతనెవర్నీ ఏం చెయ్యలేదన్నమాట," అంది గిరిజ.

"మాకు తెలిసినంతలో లేదు. కాని తుపాకీ ఉంచుకోవడమే నేరం. పిస్టల్ మీద డీఎన్ఏ నలుగురైదుగురిది కలిసిపోయింది. ఆ మూల కెమెరాకి చిప్స్ ర్యాక్ అడ్డం వచ్చింది. అంచేత మీ సాక్ష్యమే మాకు ముఖ్యం."

విచారణకి రెండు వారాల ముందు, గిరిజ సంతకం చేసిన కాగితం నకలు చదువుకోమని పంపారు. ఆదివారం ఉదయం డైనింగ్ టేబుల్ దగ్గర చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. 'ట్రావిస్ తుపాకీని ఫ్రీజర్‌లో పెట్టడం నేను చూశాను.'

చూసిందా?

అమెరికా రాకముందు గిరిజ తెనాలిలో ఒక జూనియర్ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో నాలుగేళ్లు పనిచేసింది. సాల్ట్ అనాలిసిస్ రికార్డుల్లో పిల్లలు పరిశీలన రాయాల్సిన గడిలో నిర్ధారణ రాసేస్తే, ఎర్ర సిరాతో కొట్టేసి తిరిగి రాయించేది. తెల్లటి అవక్షేపం కనిపిస్తే తెల్లటి అవక్షేపం అనే రాయాలి, అదేమిటో తర్వాతి గడిలో. ఇప్పుడు తన సంతకం కింద తనే ఆ తప్పు చేసింది. ఆమె చూసింది అతని పిడికిలి, అందులో నలిపిన బూడిదరంగు గుడ్డ. చెయ్యి ఖాళీగా బయటికి రావడం. తుపాకీని చూసింది అతను వెళ్లాకే.

"ఏమిటి తేడా?" అన్నాడు కిరణ్‌కుమార్. "పెట్టింది వాడే కదా! నువ్విప్పుడు మాట మారిస్తే నీ మీదకే వస్తుంది. సైన్ చేశావు. లీవిట్."

"వాడే అని నాకూ తెలుసండీ. కాని చూశానని రాశాను. చూడలేదు."

సెలవులకి ఇంటికొచ్చిన కూతురు నైనిక మెట్ల మీదినుంచి వింటోంది. "అమ్మా, నువ్వు వాళ్లకి కాల్ చెయ్. ట్రయల్ ముందు చెప్తే ఓకే. తర్వాత చెప్తే బ్యాడ్."

"నువ్వు లాయర్‌వా?" అన్నాడు తండ్రి.

"కాదు నాన్నా. కానీ అమ్మ మార్నింగ్ నుంచి ఆ పేపర్ పట్టుకుని ఇల్లంతా తిరుగుతుంది. మీరు చూడట్లేదా?"

సోమవారం గిరిజ ఫోన్ చేసింది. తను చూసిందేమిటో, చూడనిదేమిటో హాలొవేకి చెప్పింది.

"ఈ సంగతి ట్రావిస్ లాయర్‌కి నేను చెప్పి తీరాలి," అంది హాలొవే. "అతను మిమ్మల్ని గట్టిగా నిలదీస్తాడు. తట్టుకోగలరా?"

"తెలీదు. కాని ఉన్నదే చెప్తాను."

గ్రీన్స్‌బరోలోని ఫెడరల్ కోర్టుకి కిరణ్‌కుమార్ సెలవు పెట్టి డ్రైవ్ చేశాడు. దారిపొడుగునా గిరిజ సీట్ బెల్ట్ సవరించుకుంటూనే ఉంది. తెలుగు దుభాషి కావాలా అని ముందే అడిగితే వద్దంది. మధ్యలో ఇంకొకరి నోటి మీదుగా మాట మళ్లీ మారిపోతుందేమోనని ఆమె భయం. సాక్షి బోనులోంచి చూస్తే ట్రావిస్ తెల్ల చొక్కాలో చిక్కిపోయి కనిపించాడు. అలవాటుగా తల ఊపబోయి, ఆగి, కిందికి చూశాడు.

ట్రావిస్ లాయర్ కాగితం పైకెత్తి చూపించాడు. "మార్చిలో తుపాకీని చూశానన్నారు. ఇప్పుడు చూడలేదంటున్నారు. ఇందులో ఏది అబద్ధం?"

"అబద్ధం కాదు. తొందరలో సరిగ్గా చెప్పలేదు. నేను అనుకున్నదాన్ని చూశానని చెప్పాను. అది నా తప్పు. చేతిలో గుడ్డ చూశాను. చెయ్యి ఐస్ కిందికి వెళ్లడం చూశాను. తర్వాత మూత తీస్తే టోపీ, గన్ ఉన్నాయి."

"ఆ ఫ్రీజర్ అంతకుముందు వేరేవాళ్లు కూడా తెరిచి ఉండొచ్చు కదా?"

"తెరిచారు. పదింటికి నేను ఐస్ నింపాను. తర్వాత నలుగురు కొన్నారు. ఒకరికి నేనే తీసిచ్చాను. మిగతా ముగ్గురు వాళ్లే తీసుకున్నారు."

కింద బల్ల దగ్గర హాలొవే కలం ఆగిపోవడం గిరిజకి కనిపించింది. తను ఈ కేసుని చేజేతులా పాడు చేస్తోందా అనిపించింది. అయినా అడిగినదానికల్లా చూసినంత మేరకే చెప్పి దిగింది. కారిడార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూనే ఉంది.

జ్యూరీ నాలుగు గంటలు చర్చించింది. ట్రావిస్ దోషి అంది. టోపీ అతనిదేనని టైర్ల షాపు కెమెరా చూపించింది. మిగతాది గిరిజ మాటల మీద నిలిచింది. సాక్షి తన పొరపాటు తానే ఒప్పుకోవడంతో మిగతా మాటలు నమ్మారని తర్వాత హాలొవే ఫోన్‌లో చెప్పింది. అది విని గిరిజ సంతోషించాలో ఏడవాలో తెలియక ఫోన్ పట్టుకుని పార్కింగ్‌లో తిరిగింది.

శిక్ష వేసే రోజు ఆమెని ఎవరూ రమ్మనలేదు. అయినా వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది. చెప్పుకునేది ఏమైనా ఉందా అని జడ్జి అడిగితే ట్రావిస్ లేచాడు. "పోయినేడు మా పిన్ని కొడుకుని బస్ స్టాప్‌లో కాల్చి చంపేశారు. పనికి నడిచి వెళ్లాలంటే నాకు భయమేసేది. తుపాకీ ఉంచుకోకూడదని తెలుసు. అయినా ఉంచుకున్నాను."

"మీ భయం నిజమైనదేనని నమ్ముతున్నాను," అన్నాడు జడ్జి. "కాని ఆ వీధిలో భయపడుతున్నది మీరొక్కరే కాదు." నాలుగేళ్ల మూడు నెలల శిక్ష వేశాడు.

కారిడార్‌లో ఒకామె గిరిజకి ఎదురొచ్చి నిలబడింది. ట్రావిస్ పోలికలు చూడగానే తెలిశాయి.

"షాపులో ఉండేది నువ్వేనా?"

"అవునమ్మా."

"చూడనిది చూడలేదని చెప్పావు. విన్నాను." ఆమె బ్యాగ్ పట్టీని మెలిపెడుతోంది. "మా చెల్లెలు తన కొడుకుని చూడాలంటే సమాధికి వెళ్లాలి. నేను నా కొడుకుని చూడ్డానికి జైలుకి వెళ్లొచ్చు. అది నాకు తెలుసు. అయినా నీతో మాట్లాడటం నాకిష్టం లేదు."

"నాకు అర్థమైంది," అంది గిరిజ. క్షమించమని అడగాలనిపించింది గాని, దేనికని అడగాలో తెలియలేదు. ఆమె వెళ్లిపోయింది.

ఆ తర్వాత వీధిలో చప్పుళ్లు తగ్గాయని కొందరు కస్టమర్లు అన్నారు. అదేం లేదని కొందరన్నారు. పోలీసు లెక్కల ప్రకారం తగ్గాయని ఏజెంట్ ఒకసారి కాఫీకొచ్చి చెప్పాడు. గిరిజ తన చెవులతో ఏదీ తేల్చుకోలేకపోయింది. ఆమె పరిస్థితి చూసి యజమాని కేరీలో ఉన్న తన ఇంకో దుకాణానికి మారమన్నాడు. ఇంటికి దగ్గర, ప్రశాంతమైన ప్రాంతం. కిరణ్‌కుమార్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆమె మారింది.

అక్కడ ఆరు వారాలు పనిచేసింది. ఎవరూ గట్టిగా మాట్లాడరు, అద్దాలు తళతళలాడతాయి. అయినా తలుపు తెరుచుకున్న ప్రతిసారీ ఆమె భుజాలు బిగుసుకుంటూనే ఉన్నాయి. పైగా వచ్చేవాళ్లలో ఒక్కరి పేరూ తెలియదు.

ఏడో వారం యజమానికి ఫోన్ చేసి డర్హమ్ వెనక్కి వెళ్తానంది.

"భయం పోయిందా?" అని అడిగాడు కిరణ్‌కుమార్.

"లేదండీ."

"మరి?"

"ఇక్కడా భయపడుతూనే ఉన్నా. అక్కడైతే వచ్చేవాళ్లంతా తెలుసు, ఎవరికేం జరిగిందో తెలుస్తుంది."

అతను కారు తాళాలు తీసుకున్నాడు. మొదటి రోజు తనే దింపుతానన్నాడు.