బండి ట్యాంకుకు నేను పెట్టిన సొట్ట

పోయిన వారం మా కింది వాటాలో ఉండే అబ్బాయి కొత్త బండి గేటు దగ్గర ఒరిగి పడి, పెట్రోలు ట్యాంకుకు అరచేయంత సొట్ట పడింది. ఆ అబ్బాయి పెద్దగా బాధపడినట్టు కూడా లేదు, నిలబడ్డ చోటే ఫోనులో కొత్త ట్యాంకు తెప్పించే ఏర్పాటు చేసుకుని ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మా ఆయన మాత్రం చేతికర్ర గోడకు ఆనించి, ఆ సొట్టను అరచేత్తో మెల్లగా నిమిరారు. డెబ్బై దాటిన మనిషి ఎవరిదో బండిని అలా నిమురుతుంటే, పైనుంచి చూస్తున్న నాకు గుండెలో చురుక్కుమంది. నవ్వుకోకండి. నా ఈడు ఆడవాళ్ళకైతే అర్థమవుతుందనే చెబుతున్నాను, ఆయన బండి మీద నాకున్న కుళ్ళు ఈనాటిది కాదు.

పెళ్ళయి నేను తిరుపతికి కాపురానికి వచ్చేనాటికే ఆ నల్ల బండి ఆ ఇంట్లో ఉంది. అంటే నాకంటే ముందు వచ్చిందన్నమాట, ఆ పెద్దరికాన్ని అది ఏనాడూ వదులుకోలేదు. పొద్దున లేవగానే ఆయన పసుపుపచ్చ గుడ్డతో దాని ట్యాంకు తుడిచేవారు, ఆ తర్వాతే కాఫీ. చలికాలంలో అది మొరాయిస్తే, "లెయ్యి తల్లీ, లెయ్యి బంగారూ, ఆఫీసుకు పొద్దు పోతాండాది" అని బతిమాలుతూ కిక్కు కొట్టేవారు. నన్ను పిలవడానికి మాత్రం "ఏమే" అన్న రెండక్షరాలే. పెళ్ళయిన కొత్తలో బండిని కూడా లోపలికి తోయించి స్టూడియోలో ఫోటో తీయించుకున్నామా, అందులోనూ బండి ముందు, నేను వెనక. మా అమ్మ ఏరి కోరి కొన్న చీర సగం ఆ ట్యాంకు చాటుకే పోయింది. ఆ ఫోటో చూసిన చుట్టాలందరూ బండి బాగుందనే అన్నారు.

మాది నగరి. మా నాయన మగ్గం మీద తన చేత్తో నేసి, నేను కాపురానికి వస్తుంటే ఇచ్చిన ఎర్రంచు దుప్పటి ఒకటి ఉండేది. కప్పుకుంటే మాసిపోతుందని పెట్టెలో దాచుకున్నాను. ఆఫీసు పనిమీద మూడు రోజులు గూడూరులో ఉండాల్సివచ్చి ఆయన పొద్దుటి రైలుకు బయలుదేరుతూ, ఎండకు బండి రంగు వెలిసిపోతుందని, పెట్టెలోంచి ఆ దుప్పటిని తీసి దానికి కప్పారు. "దీని మీద దుమ్ము పడనీయొద్దు, ఎవురినీ చెయ్యి పెట్టనీయొద్దు, జాగ్రత్తగా సూసుకో" అన్నారు. ఒక్కదానివే ఎట్లుంటావని మాటవరసకైనా అనలేదు.

ఆయన అటు వెళ్ళగానే వీధి కొళాయి నుంచి నిండు ఇత్తడి బిందె చంకనెత్తుకుని వస్తూ, ఆ దుప్పటి తొలగించి, బిందెను తీసుకెళ్ళి సరిగ్గా ఆ ట్యాంకు మీద పెట్టాను. చీర సర్దుకోవడానికే అని నాకు నేను చెప్పుకున్నాను. అంత నున్నటి ట్యాంకు మీద బిందె నిలుస్తుందా, ఒక పక్కకు ఒరగసాగింది. నా చెయ్యి అక్కడే ఉంది. పట్టుకోవచ్చు. పట్టుకోలేదు. బిందె ట్యాంకును ఠంగుమని కొట్టుకుని కింద పడింది, ట్యాంకుకు చిన్న గిన్నెంత సొట్ట పడింది.

ఒక్క నిమిషం హాయిగా ఉండింది, ఆ వెంటనే భయం పట్టుకుంది. ఆయన అరుస్తారని కాదు నా భయం. పెళ్ళాం ఇనుముతో పోటీపడి కావాలని ఈ పని చేసిందని తెలిస్తే ఆయన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను?

పక్కింటి అక్క బజారుకు వెళ్ళి బండ్లకు రంగులేసే చోట అడిగి వచ్చింది. వాళ్ళు చెప్పిన డబ్బుతో మాకు నెల సరుకులు వస్తాయి. దిక్కుతోచక కూర్చున్న నాకు, మరునాడు వీధిలో "బిందెలకు సొట్టలు తీస్తాం, చిల్లులకు మాట్లేస్తాం" అన్న కేక వినిపించి ప్రాణం లేచొచ్చింది. ఆ ముసలాయన బండిని చూసి నవ్వాడు. "ఇది బిందె కాదు కదమ్మా, దీని నోట్లో చెయ్యి పట్టదు. లోపల పెట్రోలు వాసన ఉండాది, నిప్పు సూపిస్తే నువ్వూ నేనూ ఈడ్నించే పైకి పోతాం" అన్నాడు.

బతిమాలాను. చివరికి ఒప్పుకుని ట్యాంకు ఊడదీశాడు. పెట్రోలు సీసాల్లోకి వంచి, లోపల నాలుగైదుసార్లు కడిగి, సొట్టకు కాస్త కింది దాకా నీళ్ళు నింపాకే తన కుంపటి రాజేశాడు. సొట్ట నడుమ రంగు గీకి, తగరం కరిగించి చిన్న ఇత్తడి రేకును మాటు పెట్టి అతికించి, దానికి తీగ కట్టి, అక్కనూ నన్నూ ట్యాంకును అదిమి పట్టుకోమని, ఒక చేత్తో లాగుతూ రెండో చేత్తో సొట్ట చుట్టూ కొయ్య సుత్తితో తట్టాడు. మూడుసార్లు రేకు ఊడివచ్చింది, నాలుగోసారి టప్పుమని సొట్ట పైకి లేచింది. ఇచ్చినంత పుచ్చుకుని, చెంబెడు మజ్జిగ తాగి వెళ్ళాడు. కిటికీ ఊచలకు వేయగా మిగిలిన నల్లరంగు నేనే రెండు పూతలు పూశాను. మరునాడు ముసలాయన వచ్చి ట్యాంకు బిగించి పోయాడు, నేను దుప్పటి ఎప్పటిలా కప్పేశాను.

ఆ సాయంత్రం గూడూరు నుంచి దిగిన మనిషి, సంచి కూడా దించకుండా ముందు దుప్పటి తొలగించారు. ట్యాంకు మీద అరచెయ్యి పోతూ పోతూ ఒక చోట ఆగిపోయింది. కంటికి ఆనని గుంటను ఆ చెయ్యి కనిపెట్టేసింది. నా నుదుటి మచ్చ ఏ వైపు ఉందో కూడా ఈయనకు ఇంత బాగా తెలియదు కదా అని, అంత భయంలోనూ నాకు ఒళ్ళు మండింది.

"బిందె జారింది" అన్నాను. ఆయన నా గోళ్ళ సందుల్లోని నల్లరంగును చూశారు. లోపలికి వెళ్ళి, ఆ పసుపుపచ్చ గుడ్డకే కాస్త కిరసనాయిలు తడిపి తెచ్చి, నా వేళ్ళు ఒక్కొక్కటే తుడిచారు. "ఇంత అగసాట్లు ఎందుకు పడినావే? సొట్టుంటే బండి పోదా?" అన్నారు. ఏడుపు ఆగలేదు నాకు. నిజం చెప్పేయాలని నోటిదాకా వచ్చింది గాని చెప్పలేదు, ఈనాటికీ చెప్పలేదు.

ఇప్పుడు ఇత్తడి బిందెలు అటకెక్కాయి, సొట్టలు తీసేవాళ్ళ కేక మా వీధిలో వినపడి ఎన్నేళ్ళయిందో. ఆయన చూపు మందగించాక బండి అమ్మేశాము. కొన్నవాడు కిక్కు కొడుతుంటే ఆయన చూడలేక ఇంట్లోకి వచ్చేశారు, వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది నేనే. సవతి పోయింది గనక ఇక ఆయన పూర్తిగా నావారే, వంటింట్లోకి వెళితే వంటింట్లోకి, డాబా ఎక్కితే డాబా మీదికి "ఏమే" అంటూ నా వెంటే తిరుగుతున్నారు. ఆ రోజుల్లో నేను కోరుకున్నది ఇదే. కానీ చలిపొద్దున ఒక మొండి బండిని బతిమాలుకుంటూ, చెమటోడ్చి, అది లేవగానే చిన్నపిల్లాడిలా నవ్వి వెళ్ళిపోయే మనిషి ఒకడుండేవాడు. నేను మనసుపడింది ఆ మనిషినే. ఆ మనిషిని కూడా బండితోపాటే అమ్మేసుకున్నామేమోనని, ఆయన నా పక్కనే కూర్చుని ఉండగానే, నాకు బెంగగా ఉంటుంది.