అక్క కుడికన్ను

తొంభైల్లో ఒక ఉదయం, చిక్కడపల్లి ఇంట్లో లెక్కల టీచరైన మా అక్కకు బడికి బయలుదేరుతుండగానే కుడికన్ను చీకటైంది. నొప్పి మాత్రం లేదు.

"జరసేపు పండుకో, తగ్గుతది" అన్నాడు బావ.

"కన్ను కనిపిస్తలేదంటే పండుకొమ్మంటవేంది? ఆటో పిలువు" అంది అక్క.

నేనూ వెంట వెళ్లాను. నారాయణగూడలో కంటి డాక్టరు, రెటీనాకు రక్తం అందించే నాళం మూసుకుపోయిందన్నారు. మూసిన రెప్ప మీద వేళ్లతో ఒత్తుతూ, వదులుతూ మర్దన చేశారు. ఒత్తిడి తగ్గితే రక్తం కదలవచ్చని, సన్నని సూదితో కంట్లోంచి కాస్త నీరు తీశారు.

కాసేపటికి అక్క, "మీ చెయ్యి కనిపిస్తుంది సార్" అంది.

"అందరికీ ఇలా తిరిగిరాదమ్మా. వెంటనే వచ్చి మంచి పని చేశారు" అంటూ ఆయన, నాళాన్ని మూసిన గడ్డ గుండె నుంచి వచ్చిందేమోనని గుండె పరీక్షలకు పంపారు.

చూపు పూర్తిగా రాలేదు. అయినా అక్క మళ్లీ బడిలో లెక్కలు చెప్పింది. ఆమె నా తోబుట్టువని చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే.