మందలో ఒక గొర్రె

"జర ఆగన్నా, దిగుత! గది మా గొర్రె!" అని పక్కసీటు అమ్మాయి డ్రైవర్‌కు వినపడేలా అరిచింది. గొర్రెల మంద అడ్డం రావడంతో నల్గొండ వెళ్లే మా బస్సు రోడ్డుమీద నిలిచి ఉంది.

ఆమె ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళ్తోంది. ఇంగ్లిష్‌లో 'నోటీస్' అనే క్రియను ఎలా వాడాలని కల్వకుర్తిలో ఎక్కగానే నన్ను అడిగింది. కంటికి కనిపించే వాటిలో ఒకటి మనసుకు పట్టడం అని చెప్పాను.

ఆమె దిగి అడగ్గానే, "నీదైతే పిలువు బిడ్డా, వస్తే పట్టుకపో" అన్నాడు కాపరి. తప్పిపోయిన జీవానికి అక్కడ అదే సాక్ష్యమని కండక్టర్ చెప్పాడు. ఆమె పిలవగానే ఒక గొర్రె మందలోంచి వచ్చి, ఆమె కొత్త చీర కొంగు నమలసాగింది. బస్సంతా నవ్వింది.

"నోటీస్ చేసిన సార్!" అంది.

"మరి ఇంటర్వ్యూ?"

"బాపుకు ఫోన్ చేస్త. ఆయనొచ్చి గొర్రెను పట్టుకపోతే ఎనకొచ్చే బస్సెక్కుత."

ఆ బస్సు ఆమెకు అందిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.