పడమటి సాళ్లకు రెస్టు

రిటైరయ్యాక మా ఆయనకు బీపీ వస్తుందనుకున్నాను గాని, ద్రాక్షతోట వస్తుందనుకోలేదు. ముప్పై ఏళ్లు ల్యాబులో రాళ్ల వయసు లెక్కగట్టిన సత్యనారాయణమూర్తిగారు, నాచారం ఫ్యాక్టరీ గోడల వెనక ఎప్పుడో కొన్న ఎకరంలో ద్రాక్ష పెట్టారు. అదైనా తినే ద్రాక్షా? కాదు, వైన్ చేసే ద్రాక్ష! నెత్తీ నోరూ బాదుకున్నాను. వింటేనా?

పెట్టింది ఆయనే గాని పెంచింది వెంకటనర్సమ్మ. ఉప్పల్ చుట్టూ తోటలున్న రోజుల్లో, తొమ్మిదో ఏట తల్లి వెంట ద్రాక్ష పందిళ్ల కిందికి పనికొచ్చింది. ఇప్పుడు అరవైకి దగ్గర పడింది. ఆవిడతో బస్సెక్కితే నాకు సగం ఉప్పల్ కొత్తగా కనిపిస్తుంది.

"గా ఫంక్షన్ హాల్ ఉన్నది సూడమ్మా, గది నా మూడో తోట. గా టైల్స్ షాపు కాడ ఎనిమిదేండ్లు జేసిన. మస్తు అంగూరు కాసేది."

నవ్వుతూనే చెబుతుంది. ఏ తోటలోనైనా ఆవిడకు జరిగింది ఒకటే. ఏటా కోతయ్యాక మళ్లీ రమ్మని ఎవరూ అనేవారు కాదు, తనే వెళ్లేది. చివరికి ఓ కోత అయిపోయిన రోజు యజమాని పిలిచి, ఇంక రావద్దు, అమ్మేశాం అనేవాడు. వారం తిరక్కుండా జేసీబీ దిగేది. అలా ఏడు తోటలు పోయాయి. మాది ఎనిమిదోది.

మా మొదటి పంటకు నర్సమ్మ ప్రాణం పెట్టి నీళ్లు పెట్టింది. గుత్తుల్లో ద్రాక్షగింజలు ఉసిరికాయల్లా నిగనిగలాడాయి. వైన్ కంపెనీ నుంచి దయాకర్ అనే కుర్ర ఆఫీసరు వచ్చి, గింజ పిండి, తీపి కొలిచే చిన్న గొట్టంలో చూసి తల అడ్డంగా ఊపాడు. తీపి పదహారే ఉందట. ఇరవై రెండు ఉంటేనే తీసుకుంటాడట. గింజ రంగు తిరిగాక నీళ్లు తగ్గించి తీగను కాస్త కష్టపెట్టాలనీ, అప్పుడే గింజ చిన్నదై తీపి చిక్కబడుతుందనీ చెప్పాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు స్ట్రెస్ ఇవ్వడం. ఇదంతా వాళ్లిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నర్సమ్మకు అందింది ఇరవై రెండు అన్న అంకె ఒక్కటే.

"వచ్చే ఏడూ ఇరవై రెండు రాకపోతే తోట పీకించి లారీల పార్కింగుకి ఇచ్చేస్తాను" అన్నారు మా ఆయన, ఆవిడ ఎదుటే. ఆ రోజు నర్సమ్మ తెచ్చుకున్న అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. మనిషి ముందు అనే మాటేనా అది?

మరుసటి ఫిబ్రవరిలో, గింజ రంగు తిరిగే సమయానికి, మా ఆడపడుచు మోకాలి ఆపరేషనని ఆయన వైజాగ్ వెళ్లారు. పోతూ పోతూ తూర్పు సగానికి నీళ్లు పూర్తిగా కట్టేసి, వాల్వుకి ఇనప తీగ చుట్టి, ముట్టుకోవద్దన్నారు. పడమటి సాళ్ల సంగతి ఫోనులో చెబుతానన్నారు. చెప్పారు కూడా. సరిగ్గా ఫ్యాక్టరీ సైరన్ మోగుతున్నప్పుడు!

నర్సమ్మ మా ఇంటికి వచ్చింది.

"అమ్మా, సారు ఫోన్ జేసిన్రు. పడమటి సాళ్లకు పదిహేను దినాలు మంచిగ రెస్టు ఇయ్యాలెనంట. పాత చీరలుంటే ఇయ్యి."

"రెస్టుకి చీరలెందుకే?"

"నీళ్లోసుకున్న పిల్లకు రెస్టంటే ఏం జేస్తం? ఎండ తగలనియ్యం. కడుపు పగిలేటట్టు పెట్టం, జర గంజి తాపుతం. గిదీ గంతే."

నాకు సబబుగానే తోచింది. బీరువా తీసి, మా ఆయన స్వయంగా ఎంచి కొన్న చీరలన్నీ, ఒక్కటీ వదలకుండా ఇచ్చేశాను. వాటిని వదిలించుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

సాళ్లకు పడమటి పక్క, గుత్తుల ఎత్తున చీరలు కట్టింది. మొదళ్లలో వరిగడ్డి పరిచింది. రోజు విడిచి రోజు పొద్దున్నే ఒక్క గంట డ్రిప్పు వదిలి కట్టేసేది. ఆ ఏడు ఫిబ్రవరిలోనే ఎండలు ముదిరాయి. రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునేది.

ఆయన వైజాగ్ నుంచి దిగి, సూట్‌కేసుతో సహా తోటకే వెళ్లారు.

"ఏమిటిది? బట్టలారేశారా? అయ్యో, ఇది నేను కొన్న చీర కదూ!"

"మీరే గద సారూ, రెస్టు ఇయ్యమన్నరు?"

"రెస్టు కాదు, స్ట్రెస్! స్ట్రెస్ ఇమ్మన్నాను!"

"గదేంది సారూ?"

"కష్టపెట్టమని!"

"అంగూరును కష్టపెడతరా ఎవరన్న? గా ముక్క తెలుగుల జెప్తె అయిపోతుండె గదా సారూ" అంది నర్సమ్మ. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను గాని, నవ్వే పరిస్థితి కాదు.

నాలుగు రోజులకు, ఆ చీరలింకా విప్పకముందే, దయాకర్ వచ్చాడు. ముందు తూర్పు సగం చూశాడు. ఆకులు అంచులు మాడి ముడుచుకున్నాయి, గింజలు వడలిపోయాయి. గొట్టంలో పంతొమ్మిది. ఆకే మాడితే తీపి ఎక్కడ నుంచి వస్తుంది సార్, ఇంత ఎండలో నీళ్లు పూర్తిగా కట్టేస్తారా అన్నాడు. తరువాత పడమటి సాళ్లలో చీరలు పక్కకు జరిపి, నాలుగు చోట్ల గింజలు కోశాడు. చూశాడు. గొట్టం తుడిచి మళ్లీ చూశాడు.

"ఇరవై రెండున్నర. ఎవరు చేసిన్రిది? ఎంత కష్టపెట్టాల్నో గంతే పెట్టిన్రు. నీడ గిట్ల కట్టాలని మీకెవరు చెప్పిన్రమ్మా?"

"సారే జెప్పిన్రు" అంది నర్సమ్మ. పాపం, ఆవిడ వెటకారం ఎరగదు.

మా ఆయన గట్టిగానే ఒప్పుకున్నారు. "నేను చెప్పింది ఇది కాదయ్యా. నేను చెప్పిందే చేసి ఉంటే ఇటుపక్క కూడా మాడేది. ఇది నర్సమ్మ తెలివి." ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన నోట అలాంటి మాట విన్నది అదే మొదలు. అదైనా నాతో కాదు!

వారానికి పడమటి పంట కోసి కంపెనీ బండికెక్కించారు. బండి వెళ్లాక దయాకర్ చెప్పులు వేసుకుంటూ నర్సమ్మతో, "ఏప్రిల్‌ల కత్తిరింపుకి వస్తనమ్మా. ఈసారి అన్ని సాళ్లకు నువ్వు చెప్పినట్టే" అన్నాడు.

"ఏ ఏప్రిల్?" అంది నర్సమ్మ.

"వచ్చే నెలనే."

ఆవిడ మా ఆయన వంక చూసింది. ఆయన తలూపారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చీరలు కట్టిన ఆ సాళ్ల మధ్య నర్సమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. మేం కంగారుపడి ఏమైందని అడిగాం.

"ఏం గాలే అమ్మా. యాభయ్యేండ్ల సంది అంగూరు కోస్తున్న. కోత అయినంక మళ్ల రా అన్న తోట గిదొక్కటే."